ఎంగిలి గరిటె

తెర మీద సోమనాథ్ గరిటెతో కాస్త పులుసు తీసి, ఊదుకుని, నోట్లో పోసుకున్నాడు. బాగుందన్నట్టు తలాడించాడు. అదే గరిటెను మళ్లీ గిన్నెలో ముంచి కలపసాగాడు.

సోఫాలో కూర్చుని కూతురికి జ్వరం మందు పోస్తున్న వకుళ చేతిలో చెంచా గాల్లోనే ఆగిపోయింది.

"అమ్మా, ఒలుకుతోంది" అంది లాస్య.

వకుళ వినిపించుకోలేదు. ప్రపంచంలో ఏ వంటవాడైనా చేసే పనే అది. ఆ ఉదయం ఆరు దేశాల్లో ఆ కార్యక్రమం చూస్తున్న లక్షలమందిలో ఒక్కరికి కూడా అందులో వింత కనిపించి ఉండదు. ఆమెకి మాత్రం కనిపించింది. పదకొండేళ్ల కాపురంలో సోమనాథ్ వండుతూ రుచి చూడటం ఆమె ఒక్కనాడూ ఎరగదు.

అతనిది తెనాలి దగ్గర పెళ్లివంటల కుటుంబం. వాళ్లమ్మ కనకమ్మ గాడిపొయ్యి దగ్గర నిలబడిందంటే అల్లుడికైనా సరే ఉప్పు చూసే హక్కు లేదు. ఎంగిలి పడ్డ వంట పంక్తికి పనికిరాదని ఆవిడ నియమం. ఉప్పూ పులుపూ ముక్కుతోనే తెలుసుకోవాలి. ఉప్పు చాలకపోతే పులుసు వాసన పలచగా వస్తుందని, ఎక్కువైతే ముక్కు కొసన పట్టినట్టుంటుందని కొడుక్కి చిన్నప్పుడే నేర్పింది. ఆవిడ పోయాక సోమనాథ్ ఇంకో నియమం కలుపుకున్నాడు. వంట దించగానే తొలి గరిటె ఒక చిన్న పళ్లెంలో పెట్టి పక్కన ఉంచుతాడు. అది అమ్మకి. ఆ తర్వాతే ఎవరైనా.

అలాంటి మనిషి ఎంగిలి గరిటె గిన్నెలో పెట్టాడు. పెట్టి నవ్వుతున్నాడు.

"మందు తాగు" అని చెంచా కూతురి నోట్లో పెట్టి వకుళ ఫోన్ అందుకుంది.

* * *

ఆల్బారా టెలివిజన్‌కి ఆరు దేశాల్లో ఛానళ్లున్నాయి. ఆరు భాషలు, ఆరు రకాల ప్రకటనలు. కానీ కార్యక్రమాలన్నీ బ్రాటిస్లావాలో డాన్యూబ్ నది ఒడ్డున ఉన్న ఒకే అద్దాల భవనం నుంచి బయలుదేరతాయి. హైదరాబాదులో ఒక ఛానల్లో ప్రసార విభాగం చూసే వకుళని ఆ కంపెనీ పిలిపించుకున్నది ఒకే ఒక్క పని కోసం. కొండల్లోంచి, దీవుల్లోంచి, సిగ్నల్ సరిగ్గా అందని మూలల్లోంచి ప్రత్యక్ష ప్రసారాలు ఎక్కడా తెగకుండా రావాలి.

ఆమె తయారుచేసిన దానికి 'ముందుచూపు' అని పేరు పెట్టారు. అదేమిటో లాస్యకి ఐదేళ్లప్పుడు కథ చెబుతూ వివరించింది.

"చూడు బంగారం. ఈ కుందేలు కథ నీకు కంఠతా వచ్చు, నాకూ వచ్చు. నేను చెబుతుంటాను. నేను సరిగ్గా చెబుతున్నంతసేపూ నువ్వు మాట్లాడక్కర్లేదు. తప్పు చెప్పానంటే మాత్రం ఏమంటావు?"

"కాదమ్మా, అలా కాదు అంటాను."

"అంతే. ప్రతి ఇంట్లో టీవీ పక్కనుండే పెట్టె అమ్మ అన్నమాట. అక్కడ కెమెరా నువ్వు. తర్వాత ఏం జరుగుతుందో పెట్టె తనే ఊహించి బొమ్మ గీసేస్తుంది. కెమెరా బొమ్మంతా పంపక్కర్లేదు. పెట్టె తప్పు గీసినప్పుడు మాత్రం 'అలా కాదు' అని దిద్దితే చాలు."

పక్కనే పడుకుని వింటున్న సోమనాథ్ లేచి కూర్చున్నాడు.

"పిల్ల మధ్యలో నిద్రపోతే?"

"ఏమవుతుంది? నాకు తోచినట్టు చెప్పుకుంటూ పోతాను."

"అది కథ అవుతుందా మరి?"

"మౌనం అర్ధాంగీకారం అన్నారు పెద్దలు" అని నవ్వేసింది వకుళ.

నవ్వులాటకి అన్న ఆ మాటే తర్వాత కంపెనీలో నిబంధన అయింది. మొదట్లో కంట్రోల్ రూములో మూడు దీపాలుండేవి. దిద్దుబాటు అవసరం లేనప్పుడు ఆకుపచ్చ, దిద్దుబాటు వస్తే పసుపు, కెమెరాతో సంబంధం తెగిపోతే ఎరుపు. ఎర్రదీపం వెలగగానే కుర్రాళ్లు కంగారుపడి తెర నల్లగా చేసేసేవారు. టీవీ వాళ్లకి నల్లతెరని మించిన పాపం లేదు. ప్రేక్షకుడు ఛానల్ మార్చేస్తాడు. ఎర్రదీపం తీసేద్దామని అధిపతి మార్టెన్స్ అన్నాడు. కొండల్లో సిగ్నల్ పోయేది ఒకటి రెండు క్షణాలేగా, ఆ కాసేపు పెట్టె ఊహించిందే చూపిస్తే ఎవరికి నష్టం? వకుళ సరేనంది. దిద్దుబాటు రావడం లేదంటే ఊహ సరిగ్గా ఉందనే అర్థం. ఆకుపచ్చ దీపం వెలుగుతూనే ఉంటుంది.

ఇక సోమనాథ్ సంగతి. భార్యతోపాటు వచ్చి, ఒక ఆఫీసు విందులో గుత్తివంకాయ వండి పెట్టి, ఆ వంకాయ తిన్న డైరెక్టర్ జుజానా పుణ్యమా అని తెరకెక్కాడు. ఇప్పుడు ఆరు దేశాల్లో 'షెఫ్ సోమ్' అంటే తెలియనివాళ్లు తక్కువ. రెండేళ్లుగా జుజానాకీ అతనికీ ఒకటే పేచీ. వంటవాడు రుచి చూసి కళ్లు మూసుకోకపోతే చూసేవాళ్లకి నోరెలా ఊరుతుందని ఆమె. "ఊరాల్సింది మీ నోరు, నాది కాదు" అని ఇతను. అతను తొలి గరిటె పళ్లెంలో పెట్టే సమయానికి ఆమె సరిగ్గా ప్రకటనలు వేసేసేది. దేవుళ్ల గొడవ మనకొద్దనేది.

కాబట్టి పెట్టె ఆ పళ్లెం ఎన్నడూ చూడలేదు. దానికి తెలిసినదల్లా ఆ కంపెనీ ఛానళ్లలో ఇంతకాలం వంట చేసిన వందలమంది చేతులు. గరిటె పైకి లేచిందంటే నోటికే వెళుతుందని అది నమ్మకంగా గీసేసేది. వెంటనే కెమెరా 'అలా కాదు' అనేది. అందుకే సోమనాథ్ ప్రతి కార్యక్రమంలోనూ, ఎంత సాఫీగా నడిచినా, పులుసు మరిగే వేళకి పసుపు దీపం ఒక్కసారి మిణుక్కుమనేది. వకుళ దాన్ని చూసి మురిసిపోయేది. ఎన్ని కోట్ల బొమ్మలు మింగినా నా మొగుణ్ని ఊహించడం దీనివల్ల కాలేదని స్నేహితులకి చెప్పుకునేది.

ఒక మనిషి చేసే పనిని ఏ కెమెరా అయినా చూస్తుంది. చెయ్యని పనిని చూడలేదు.

* * *

ఆ రోజు ప్రసారం టాట్రా పర్వతాల్లో ఒక చెక్క గుడిసె నుంచి. బయట మంచు, లోపల బొగ్గుల కుంపటి మీద గుమ్మడికాయ పులుసు. సోమనాథ్‌తో ఉన్నది ఇద్దరే. కెమెరా చూసే హెలెనా, శబ్దం చూసే ఇవో. ముందురోజే రిహార్సల్ తీసి పెట్టెలకి పంపేశారు.

జుజానా కంట్రోల్ రూములోంచి ఫోనెత్తింది. గొంతులో పండగ.

"చూశావా, వకుళా? చివరికి మీ ఆయన నా మాట విన్నాడు. ఎంత అందంగా రుచి చూశాడు! రెండేళ్లు పోరాడాను."

"జుజానా, అతనితో మాట్లాడు. ఇప్పుడే."

"ప్రసారంలో ఉన్నాడు. చెవిలో చెప్పగలను గానీ అతను జవాబివ్వకూడదు కదా."

"అయితే హెలెనాకి ఫోన్ చెయ్యి. ఇవోకి చెయ్యి."

"ఆ కొండ మీద ఫోన్లు పనిచెయ్యవు. ఏమైంది నీకు? నీ కళ్లెదుటే ఉన్నాడుగా."

ఉన్నాడు నిజమే. తెర మీద కరివేపాకు తుంచుతూ, ప్రేక్షకులు నవ్వేలా ఏదో అంటున్నాడు. గుడిసె కిటికీలోంచి పడుతున్న వెలుతురు అతని చెంప మీద కదులుతోంది. వకుళ తెరకి దగ్గరగా వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. అతని ఎడమ కనుబొమ్మ పక్కన చిన్నప్పుడు కాలిన మచ్చ కూడా ఉన్నచోటే ఉంది.

"నా మాట మన్నించి ఒక్కటి చెయ్యి. అతని చెవిలో చెప్పు, నేను వినిపిస్తుంటే ఒకసారి చెయ్యి ఊపమని."

జుజానా విసుక్కుంటూనే మైకు నొక్కింది. "సోమ్, వినిపిస్తుంటే ఒకసారి చెయ్యి ఊపు" అని ఆమె అనడం వకుళకి ఫోన్లో వినిపించింది.

తెర మీద సోమనాథ్ తలెత్తి కెమెరాలోకి చూశాడు. ఎడమ చేత్తో కరివేపాకు రెమ్మ పట్టుకునే, చిరునవ్వుతో, చెయ్యి ఊపాడు.

లాస్య ఇటునుంచి తిరిగి చెయ్యి ఊపింది.

"చాలా?" అంది జుజానా. "ఇక నన్ను పని చేసుకోనిస్తావా?"

వకుళకి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికపడింది. తనకే పిచ్చి పట్టిందనుకుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషి, పిలిస్తే పలికే మనిషి, ఇంకేం కావాలి? జుజానా పోరు పడలేక ఒక్కసారి రుచి చూశాడేమో. అమ్మ నియమం కొండెక్కి పలచబడిందేమో. ఫోన్ పెట్టేయబోతూ, ఇంజినీరుకి ఉండే అలవాటు కొద్దీ చివరి ప్రశ్న అడిగింది.

"చెయ్యి ఊపినప్పుడు దీపం ఏ రంగులో ఉంది?"

"ఆకుపచ్చే. ఈ రోజంతా ఆకుపచ్చే. మొదటి ప్రకటనల తర్వాత నుంచి ఒక్కసారి కూడా పసుపు రాలేదు. ఇంత చక్కటి ప్రసారం ఇంతవరకూ..."

జుజానా మాట మధ్యలో ఆగిపోయింది. ఆమెకీ తట్టింది.

అతను ఏ చెయ్యి ఊపుతాడో పెట్టెకి ముందు తెలియదు. ఎంత ఎత్తుకి ఎత్తుతాడో తెలియదు. నిజంగా ఊపి ఉంటే ఏదో ఒక దిద్దుబాటు వచ్చి తీరాలి. ఒక ఈగ తెరకి అడ్డం వచ్చినా పసుపు దీపం వెలుగుతుంది. డైరెక్టర్ ఆజ్ఞ పెట్టెలకీ వెళుతుంది, నటుడు ఎటు తిరుగుతాడో ఊహించడానికి. డైరెక్టర్ చెయ్యి ఊపమంటే తెర మీది మనిషి ఊపుతాడు. ఎప్పుడైనా ఊపుతాడు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఊపుతాడు.

"జుజానా" అంది వకుళ. "కెమెరా నుంచి ఏమీ రావడం లేదు. మనం చూస్తున్నది సోమూని కాదు. కొండ రక్షకదళానికి ఫోన్ చెయ్యి."

"ఏమని చెప్పను? కార్యక్రమం నడుస్తోంది..."

"ఆ గుడిసెలో కుంపటి ఉంది. తలుపులు మూసి ఉంటాయి. అది చెప్పు చాలు."

జుజానా ఫోన్ పెట్టలేదు. పక్కన ఇంకో ఫోన్లో స్లోవాక్ భాషలో గట్టిగా, వేగంగా మాట్లాడటం వినిపిస్తోంది. అవతలివాళ్లు నమ్మడం లేదని వకుళకి అర్థమైంది. వాళ్ల గదిలోనూ టీవీ ఉన్నట్టుంది. ఇప్పుడే చూస్తున్నాం, బాగానే ఉన్నాడుగా అంటున్నారు. జుజానా అరిచింది, ఏడ్చింది, తన పేరూ హోదా చెప్పి బెదిరించింది.

తెర మీద వంట పూర్తయింది. సోమనాథ్ చేతులు తుడుచుకుని కెమెరాకి దగ్గరగా వచ్చాడు. ప్రతి ఉదయం కార్యక్రమం చివర ఒక్క మాట తెలుగులో అంటాడు. ఆరు దేశాల్లోనూ దాన్ని అనువదించరు. ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ దానికోసం ఎదురుచూస్తారు.

"బంగారం, బడికి టైమైంది" అన్నాడు.

లాస్య ముఖం చిన్నబోయింది.

"నాన్న మర్చిపోయాడు" అంది. "నాకు జ్వరమని నిన్న కొండ ఎక్కేముందు ఫోన్ చేసినప్పుడు చెప్పాగా. రేపు బడి మాట అనను, మందేసుకున్నావా అని అడుగుతా అన్నాడు."

వకుళ కూతుర్ని గుండెకి అదుముకుంది. తెర మీద భర్త ఆ ఇద్దరి వైపే చూస్తూ, చాలాసేపు, రెప్ప వెయ్యాల్సినప్పుడు రెప్ప వేస్తూ, నవ్వుతూ నిలబడ్డాడు.

* * *

రక్షకదళం తలుపు పగలగొట్టాల్సి వచ్చింది. గాలి హోరు మైకులో పడుతోందని ఇవో కిటికీలన్నీ మూసి సందుల్లో గుడ్డలు కుక్కాడు. బొగ్గుల కుంపటి నుంచి వచ్చే విషవాయువుకి రంగు లేదు, వాసన లేదు. ముక్కుతో బతికే మనిషికి ముక్కు ఏమీ చెప్పలేదు. ముందు ఇవో పడ్డాడు. పడుతూ కెమెరా తీగ లాగేశాడు. సంబంధం తెగింది అప్పుడే. ఆ పైన సగం కార్యక్రమం ఎవరూ చెయ్యలేదు.

ఇవో బతకలేదు. హెలెనా తలుపు దాకా పాక్కుంటూ వచ్చి గడియ అందక పడిపోయింది, ఆస్పత్రిలో కోలుకుంది. సోమనాథ్ పొయ్యికి ఒరిగి, గరిటె పట్టుకునే ఉన్నాడు. గరిటె శుభ్రంగా ఉందని, ఇంకా పులుసులో ముంచలేదని ఒక రక్షకుడు మాటవరసకి అన్నాడు. వకుళ ఆ మాటని ప్రసాదంలా దాచుకుంది.

కొన్ని వారాలకి అతను కళ్లు తెరిచాడు. భార్యని గుర్తుపట్టాడు, కూతుర్ని పేరు పెట్టి పిలిచాడు. తెనాలి అంటే ఊరని తెలుసు. కానీ కత్తి చేతికిస్తే దాన్ని ఎటు పట్టుకోవాలో చూసుకుంటున్నాడు. చొక్కా గుండీల దగ్గర ఆగిపోతున్నాడు. గాలి చాలక మెదడులో అలవాట్లు ఉండే భాగం దెబ్బతిందని డాక్టరమ్మ చెప్పింది. మనుషులు జ్ఞాపకంలో మిగిలారు, తన తీరు చెదిరిపోయింది. తిరిగి నేర్చుకోగలడనీ, పాత వీడియోలేమైనా ఉంటే రోజూ చూపించమనీ, తనని తాను చూసి నేర్చుకోవడాన్ని మించిన వైద్యం లేదనీ అంది.

వకుళ మార్టెన్స్ గదికి వెళ్లింది. ఆయనకి గొంతు పెంచే అలవాటు లేదు. నీళ్ల గ్లాసు ఆమె ముందుకి జరిపి, మెల్లగా మాట్లాడాడు. ఎర్రదీపం తిరిగి పెట్టమని ఆమె అడిగితే అభ్యంతరం లేదన్నాడు. ప్రమాదం ప్రసారం ముగిశాక జరిగినట్టు పత్రికలకి చెప్పామన్నాడు. సోమనాథ్ రెండేళ్ల కార్యక్రమాలన్నీ భద్రంగా ఉన్నాయనీ, అన్నీ ఇంటికి పంపిస్తాననీ అన్నాడు.

తర్వాత అసలు మాట చెప్పాడు.

"షెఫ్ కోలుకునేదాకా కార్యక్రమం ఆగదు. ముందుచూపు నడిపిస్తుంది."

"సోమూ లేకుండానా?"

"ఆ రోజు లేడుగా. ఆరు దేశాల్లో ఒక్క ప్రేక్షకుడు ఫోన్ చెయ్యలేదు వకుళా. ఒక్కరు. పైగా ఆ చివరి భాగమే అందరికీ ఎక్కువ నచ్చింది. అతను రుచి చూశాడు కదా."

"ఆ చివరి భాగంలో ఇవో చచ్చిపోతున్నాడు."

"తెలుసు" అన్నాడు మార్టెన్స్. నిజంగా బాధపడుతున్నట్టే ఉన్నాడు. "అతని తల్లి దగ్గరికి నేనే వెళ్లొచ్చాను."

వకుళ కాదనగలిగేదే. రచ్చకెక్కించగలిగేదే. కానీ ఆ పాత కార్యక్రమాలు ఆయన చేతిలో ఉన్నాయి, అవి లేకపోతే సోమూ లేడు. తలవంచుకుని బయటికొచ్చింది.

* * *

వీడియోలు పనిచేశాయి. పొద్దున్నే టీవీ ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు సోమనాథ్. తెర మీద తను ఉల్లిపాయ తరుగుతుంటే ఒళ్లో పీట మీద తనూ తరిగేవాడు. తెర మీద తను తువ్వాలు భుజాన వేసుకుంటే తనూ వేసుకునేవాడు. వారం తిరిగేసరికి గుండీలు వచ్చాయి. నెల తిరిగేసరికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి వకుళ వంటగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంది.

ఒక శనివారం మధ్యాహ్నం, "ఇవాళ వంట నాది" అన్నాడు. గుమ్మడికాయ పులుసు. లాస్య కుర్చీ లాక్కుని పొయ్యి పక్కనే కూర్చుంది. హాల్లో టీవీ మోగుతూనే ఉంది, అందులోనూ అతనే. బాల్కనీ రెయిలింగు మీద ఈ ఊరి బూడిదరంగు కాకి ఒకటి వచ్చి వాలింది. వకుళ గుమ్మానికి ఆనుకుని నిలబడింది. చేతులు అవే, వేగం అదే. చింతపండు పిసికే తీరు కనకమ్మగారిదే. ఇల్లంతా వాసన నిండింది. చాలాకాలానికి ఆమెకి ఆకలేసింది.

సోమనాథ్ గరిటెతో కాస్త పులుసు తీశాడు. ఊదుకుని నోట్లో పోసుకున్నాడు. బాగుందన్నట్టు తలాడించి, అదే గరిటెను మళ్లీ గిన్నెలో ముంచాడు.

"సోమూ" అంది వకుళ. "అలా చెయ్యడం ఎవరు నేర్పారు నీకు?"

"నేర్పడమేంటి? నేనెప్పుడూ ఇంతేగా."

ఆమె ముఖం చూసి అతనికి అనుమానం వచ్చినట్టుంది. చెయ్యి తుడుచుకుని హాల్లోకి నడిచాడు. "కావాలంటే చూడు" అని ఒక పాత కార్యక్రమం పెట్టాడు. లాస్య పుట్టినరోజున స్టూడియోలో చేసినది. తల్లీకూతుళ్లిద్దరినీ ఆ రోజు పొయ్యి పక్కనే కూర్చోబెట్టారు. వకుళకి ఆ పూట బాగా గుర్తు. జుజానా వేళాకోళానికి చెంచాడు పాయసం అతని నోటి దాకా తెస్తే, వెనక్కి వెనక్కి జరిగి గోడకి కొట్టుకున్నాడు. స్టూడియో అంతా నవ్వింది.

తెర మీద జుజానా లేదు. సోమనాథ్ గరిటెతో పాయసం తీసి రుచి చూసి, కళ్లు మూసుకున్నాడు. పక్కన కూర్చున్న వకుళ, ఆ తెర మీది వకుళ, చప్పట్లు కొట్టింది.

తను ఆ రోజు చప్పట్లు కొట్టలేదు.

వకుళకి అర్థమైంది. ఎవరూ దొంగతనంగా మార్చలేదు. మార్చాల్సిన అవసరమే లేదు. కంపెనీ బొమ్మల్ని దాచదు, దిద్దుబాట్లని దాచుతుంది. అడిగినప్పుడు పెట్టె మళ్లీ మొదటినుంచి ఊహించి గీస్తుంది. చిన్న చిన్న దిద్దుబాట్లు దాచడం చోటు దండగని ఎప్పుడో ఒక సమావేశంలో తేల్చారు. ఆ సమావేశంలో తనూ ఉంది. పులుసు మరిగే వేళకి ఒక్కసారి మిణుక్కుమనే పసుపు దీపం ఎంత చిన్నది!

రెండేళ్ల సోమనాథ్‌లో, ఎవరూ ఊహించలేని ఆ కాస్త సోమనాథ్‌నే వాళ్లు పారేశారు. మిగిలినదాన్ని చూసి ఇతను తనని తాను నేర్చుకున్నాడు.

ఆమె వంటగదిలోకి వెళ్లింది. అలమర పైఅరలో, ఎవరూ తియ్యక దుమ్ము పట్టిన చిన్న పళ్లెం తీసి కడిగింది. ఎంగిలి గరిటె పక్కన పడేసి, ఆ గిన్నె కూడా దించేసి, ఇంకో గిన్నె పొయ్యి మీద పెట్టి మళ్లీ మొదలుపెట్టమంది. ఎందుకని అతను అడగలేదు. ఇప్పుడతను ఎందుకని అడిగేవాడు కాదు. ముక్కలు తరిగాడు, చింతపండు పిసికాడు. పులుసు మరిగాక పళ్లెం అతని ముందు పెట్టింది.

"తొలి గరిటె ఇందులో పెడతావు నువ్వు. మీ అమ్మకి. అది పెట్టేదాకా నువ్వు ముట్టుకోవు, ఎవర్నీ ముట్టుకోనివ్వవు. ఎప్పుడూ ముట్టుకోలేదు."

సోమనాథ్ పళ్లెం వైపు చూశాడు. మెడ తిప్పి, హాల్లో టీవీ వైపు చూశాడు. పాతది అయిపోయినట్టుంది, అక్కడ ఏదో కొత్త కార్యక్రమంలో అతను నీలం చొక్కాలో గరిటె ఎత్తుతున్నాడు. ఇంట్లో ఉన్న సోమనాథ్‌కి నీలం చొక్కా లేదు.

"మరి ఆయన అలా చెయ్యడే" అన్నాడు.

వకుళ హాల్లోకి వెళ్లి టీవీ ఆపేసింది. వృత్తిలో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె భయపడిన నల్లతెర, ముగ్గురి నీడల్నీ మసకగా చూపిస్తూ గోడకి మిగిలింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. బాల్కనీలో కాకి గోళ్ల చప్పుడు వినిపిస్తోంది.

సోమనాథ్ గరిటె పులుసులో ముంచి పైకి తీశాడు. అది నోటి వైపు సగం దూరం వెళ్లి ఆగింది. చూసి చెయ్యడానికి తెర లేదు. కళ్లు అటూ ఇటూ తిరిగి భార్య మీద నిలిచాయి, అక్కణ్నుంచి కూతురి మీదికి జారాయి. గరిటెలోంచి చుక్కలు పొయ్యి మీద పడి సుయ్యిమంటున్నాయి.

వకుళ నోరు తెరవబోయింది. అంతకన్నా ముందే లాస్య కుర్చీలోంచి దిగి తండ్రి మోచెయ్యి పట్టుకుంది.

"కాదు నాన్నా, అలా కాదు" అంది.

చెయ్యి మెల్లగా కిందికి దించింది. పులుసు పళ్లెంలో పడింది.

సోమనాథ్ దాని వైపు చాలాసేపు చూశాడు. వంగి, వాసన పీల్చాడు. ఏదో అందినట్టూ, అందీ అందకుండా జారిపోయినట్టూ నుదురు ముడిపడింది. తర్వాత కథ వినే పసివాడిలా కూతురి ముఖంలోకి చూశాడు.

"ఊఁ" అన్నాడు. "తర్వాత?"